గడ్డను తీసి గర్భాశయమును నిలుపుట: విక్టర్ బానీ గ్రంథముపై ఒక విమర్శ

1946వ సంవత్సరమున లండను నగరములో ఒక శస్త్రవైద్య గ్రంథము వెలువడెను. దాని పేరు "ది టెక్నికల్ మైన్యూషియే ఆఫ్ ఎక్స్‌టెండెడ్ మయోమెక్టమీ అండ్ ఒవేరియన్ సిస్టెక్టమీ". గర్భాశయములోని గడ్డలను, అండాశయములోని తిత్తులను అవయవము చెడకుండ తొలగించుటలోని మెళకువలు అని దాని భావము. గ్రంథకర్త విక్టర్ బానీ. ఈయన 1872లో జన్మించి 1953లో గతించిన ఆంగ్ల శస్త్రవైద్యుడు. లండనులోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలోను, చెల్సీ స్త్రీల ఆసుపత్రిలోను పని చేసినవాడు. పేరును చూడగానే, ఇది శస్త్రవైద్యులకు తప్ప ఇతరులకు అక్కరలేని పుస్తకమని తోచును. కాని దీనిలో అందరికిని సంబంధించిన ప్రశ్న ఒకటి కలదు. రోగమును పోగొట్టుటకు అవయవమునే తీసివేయవలెనా? ఈ ప్రశ్నకు బానీ చెప్పిన సమాధానమెట్టిదో, అందులో ఎంతవరకు నిలిచినదో పరిశీలింతము.

ముందుగా విషయమును తెలిసికొనవలెను. గర్భాశయమును మన ఇండ్లలో గర్భసంచి అందురు. అది ఉత్త సంచి కాదు. దాని గోడ దళసరి కండరముతో ఏర్పడినది. ఈ కండరములోని కణమొకటి అదుపు తప్పి వృద్ధి చెందగా, కండరమును నారపదార్థమును కలిసిన గట్టి గడ్డ పుట్టును. దీనినే ఫైబ్రాయిడ్ అందురు. ఇది క్యాన్సరు కాదు. ఆవగింజంత మొదలుకొని కొబ్బరికాయంత వరకు, అంతకు మించియు పెరుగవచ్చును. ఒక్కటే ఉండవచ్చును, పదులకొలదియు ఉండవచ్చును. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ అను హార్మోనులు దీని పెరుగుదలకు తోడ్పడును. కనుకనే ముట్లుడిగిన తరువాత ఈ గడ్డలు సాధారణముగ కుంచించుకొనిపోవును. చాలమందిలో ఇవి ఏ బాధను కలిగింపవు. కొందరిలో మాత్రము అధిక రక్తస్రావము, దానివలన రక్తహీనత, కడుపులో బరువు, మాటిమాటికి మూత్రము వచ్చుట, ఒక్కొక్కప్పుడు గర్భము నిలువకపోవుట సంభవించును.

బాధ మిక్కుటమైనప్పుడు శస్త్రచికిత్స చేయవలసి వచ్చును. అందు రెండు మార్గములు గలవు. గర్భాశయమును మొత్తముగ తీసివేయుట మొదటిది. దీనిని హిస్టరెక్టమీ అందురు. గడ్డలను మాత్రము ఒలిచి తీసి, గర్భాశయమును మరల కుట్టి నిలుపుట రెండవది. ఇది మయోమెక్టమీ. ఈ రెండవది సాధ్యమగుటకు కారణము గడ్డ నిర్మాణములోనే ఉన్నది. గడ్డ పెరుగుచు చుట్టునున్న కండరమును ఒత్తివేయును. ఆ ఒత్తిడికి కండరము పొరవలె ఏర్పడును. ఆ పొరను చీల్చినచో, పండిన పనసతొన నుండి గింజను వెలికిదీసినట్లు, గడ్డను ఒలిచి తీయవచ్చును.

ఇది బానీ కనిపెట్టిన సంగతి కాదు. అమెరికాలో అట్లీ సోదరులు 1840-50 మధ్యకాలముననే కడుపు తెరచి ఇట్టి గడ్డను తీసి, రోగిని బ్రతికించిరి. ఇంగ్లండులో లివర్‌పూల్ వైద్యుడగు విలియం అలెగ్జాండర్ 1898లో పెక్కు గడ్డలను తీయు విధానమును ప్రకటించెను. అయినను శస్త్రవైద్యులు పెక్కుమంది హిస్టరెక్టమీనే ఆశ్రయించుచు వచ్చిరి. ఎందుకనగా గర్భాశయమునకు రక్తప్రసారము సమృద్ధిగ ఉండును. మొత్తము తీసివేయునపుడు రక్తనాళములను కట్టివేసిన పని తీరును. కాని కండరమును కోసి, గడ్డను తీసి, మరల కుట్టునంతవరకు రక్తము కారుచునే యుండును. రక్తమెక్కించు ఏర్పాట్లు లేని ఆ రోజులలో ఈ భయము సహజమైనదే.

బానీ గ్రంథమునకు గల గొప్ప గుణము ఇచటనే కలదు. "అవయవమును కాపాడుడు" అని ఆయన ఉపదేశించి ఊరకుండలేదు. కాపాడుటకు అడ్డమైనది రక్తస్రావమని గుర్తించి, దానిని ఆపు సాధనమును తయారుచేసెను. అదియే బానీ క్లాంపు. ఇది పెద్ద పట్టకారు వంటిది. గర్భాశయపు దిగువ భాగమున దీనిని బిగించినచో, ఇరువైపుల నుండి వచ్చు ధమనులు నొక్కబడి, పని జరుగుచున్నంతసేపు రక్తము ఆగును. పట్టు జారకుండుటకు గర్భాశయమును ఆనుకొనియున్న గుండ్రని బంధనములను కూడ దానిలో ఇమిడ్చెను. ఇక కోత సంగతి. ఒక్కొక్క గడ్డకు ఒక్కొక్క గాటు పెట్టక, వీలైనంతవరకు ముందువైపున ఒకే గాటు పెట్టి, దాని గుండనే అనేక గడ్డలను తీయవలెనని ఆయన పద్ధతి. వెనుకవైపు గాట్లకు ప్రేగులు అతుకుకొను ప్రమాదము హెచ్చు. వెనుకవైపున పెద్ద గడ్డ ఉన్నప్పుడు పైభాగమున అడ్డముగా కోసి, గడ్డను తీసి, మిగిలిన పొరను ముసుగువలె ముందునకు మడచి క్రిందుగా కుట్టుదురు. దీనికి "బానీ ముసుగు" అను పేరు నిలిచినది.

ఫలితములను ఆయన దాచలేదు. తాను చేసిన 806 శస్త్రచికిత్సలలో నూటికి 1.1 వంతున మరణములు సంభవించినట్లు లెక్క చూపెను. పెన్సిలిన్ 1940 తరువాత గాని వైద్యుల చేతికి రాలేదు. కనుక అందులో పెక్కు చికిత్సలు అది లేని రోజులలోనే జరిగియుండవలెను. అట్టి కాలమున ఇది చెప్పుకొనదగిన ఫలితమే. ఒకే గర్భాశయము నుండి ఆయన 225 గడ్డలను తీసినట్లు కూడ ప్రసిద్ధి కలదు.

ఈ పట్టుదలకు ఆయన స్వంత జీవితములోని ఘటన కారణమని జీవితచరిత్రకారులు చెప్పుదురు. ఆయన భార్య ఆనీకి ఫైబ్రాయిడ్ల కొరకు గర్భాశయమును తీసివేసిరి. ఆ దంపతులకు సంతానము కలుగలేదు. అయితే బానీ వాదము సంతానమునకే పరిమితము కాదు. అంగలోపము కలుగకుండ, అవయవపు పని చెడకుండ నయము చేయుటయే శస్త్రవైద్యమునకు పరమావధి అని ఆయన తలంపు. కంటిలో నలక పడినచో కన్నును పెకలింపము గదా!

ఇంతవరకు గ్రంథమును మెచ్చుకొనవలసినదే. కాని శాస్త్రదృష్టితో చూచినపుడు రెండు లోపములు కనబడును.

మొదటిది ప్రమాణమునకు సంబంధించినది. ఆ 806 చికిత్సలు ఒక సిద్ధహస్తుడు తాను ఎన్నుకొనిన రోగులకు చేసినవి. చేయి తిరిగిన వంటవాని పులుసును రుచి చూచి, ఆ వంట అందరికిని సులభమని చెప్పరాదు. రెండు చికిత్సలలో ఏది మేలో తేలవలెనన్నచో, సమానులైన రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగ విభజించి పోల్చవలెను. ఈ పని చాలకాలము జరుగలేదు. గర్భాశయమును నిలుపుటకే మరియొక మార్గము తరువాత వచ్చెను. ధమనిలోనికి సన్నని రేణువులను పంపి, గడ్డకు రక్తము అందకుండ చేయుటయే ఆ మార్గము. దీనిని ఎంబోలైజేషన్ అందురు. ఫ్రాన్సులో రవీనా బృందము 1995లో దీని ఫలితములను ప్రకటించెను. గర్భాశయమును పోగొట్టుకొన నిచ్చగింపని 254 మంది స్త్రీలను బ్రిటనులో ఇట్లు విభజించి, మయోమెక్టమీతో ఎంబోలైజేషన్‌ను పోల్చిరి. 2020లో వెలువడిన ఆ ఫలితముల ప్రకారము రెండు వర్గములవారును మేలు పొందిరి. రెండేండ్ల తరువాత మయోమెక్టమీ పొందినవారి స్థితి కొంత మెరుగుగ నుండెను. బానీ నమ్మకమునకు ఇది కొంత బలమిచ్చినది. అయినను నమ్మకము వేరు, పరీక్షకు నిలిచిన విషయము వేరు అని విద్యార్థులు గ్రహింపవలెను.

రెండవ లోపము ఇంకను లోతైనది. ఇది శస్త్రవైద్యుడు శస్త్రవైద్యులకు వ్రాసిన పుస్తకము. గడ్డలెన్ని, గాటు ఎచట, కుట్టు ఎట్లు అను ప్రశ్నలే దీనిలో ముఖ్యములు. రోగి ఏమి కోరుచున్నదను ప్రశ్నకు చోటు స్వల్పము. గర్భాశయమును నిలిపినచో గడ్డలు మరల పుట్టవచ్చును, మరియొకసారి శస్త్రచికిత్స కావలసి రావచ్చును. కుట్టిన గోడ తరువాతి కానుపులో చిట్లు ప్రమాదము అరుదుగానైనను కలదు. హిస్టరెక్టమీ చేసినచో గడ్డల బాధ శాశ్వతముగ తీరును. కాని అండాశయములను ఉంచినను, ముట్లుడుగుట కొంత ముందుగ రావచ్చునని పరిశీలనలు చెప్పుచున్నవి. ఈ లాభనష్టములను తూచవలసినది వాటిని అనుభవింపబోవు స్త్రీయే. వైద్యుడు త్రాసును ఆమె చేతికి సరిగా అందింపవలెను. బానీ ఎన్ని గడ్డలనైనను తీయగల నేర్పు చూపెను. తీయవలసినది ఎప్పుడు అను తీర్పును అంతగా చర్చింపలేదు.

బానీ తరువాత సాధనములు చాల మారినవి. లోపలి పొరలోనికి పొడుచుకొనివచ్చిన గడ్డలను, కడుపు కోయకయే, యోని మార్గమున దర్శిని పంపి కోసివేయు పద్ధతిని న్యూవర్త్, అమిన్ అనువారు 1976లో ప్రకటించిరి. పొట్టపై చిన్న రంధ్రముల గుండ గడ్డలను తీయు లాపరోస్కోపిక్ పద్ధతికి జర్మనీలో కుర్ట్ సెమ్ దారి తీసెను. కొత్త సాధనముతో కొత్త చిక్కులును వచ్చును. చిన్న రంధ్రము గుండ పెద్ద గడ్డను వెలికిదీయుటకు కడుపులోనే ముక్కలు చేయు యంత్రమును వాడుచుండిరి. ఫైబ్రాయిడ్ అనుకొని శస్త్రచికిత్స చేయించుకొనువారిలో సుమారు 350 మందికి ఒకరిలో దాగియున్న క్యాన్సరు ఉండవచ్చునని, అది కడుపులో వ్యాపింపగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించెను. గాటు చిన్నదైనంత మాత్రమున అపాయము చిన్నదని తలంపరాదు.

ఇక మన సంగతి. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశమంతట నూటికి 3.2 వంతు, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. వీటిలో అనవసరమైనవి ఎన్నియో ఈ అంకెలు చెప్పవు; అన్నియు ఫైబ్రాయిడ్ల కొరకు చేసినవియు కావు. అయినను తేడా ఇంత ఉన్నప్పుడు కారణమడుగుట మన విధి. అనవసరపు హిస్టరెక్టమీలను అరికట్టు మార్గదర్శక సూత్రములను అమలుపరచవలెనని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది. "పిల్లలు పుట్టినారు గదా, ఇంక సంచి ఎందుకు?" అను మాట మన ఊళ్లలో తరచుగ వినబడును. బానీ గ్రంథము సరిగ్గ ఈ మాటకే ప్రత్యుత్తరము.

ఉపాధ్యాయులు ప్రత్యుత్పత్తి పాఠమును బోధించునపుడు గర్భాశయమును బిడ్డను మోయు సంచిగ మాత్రమే గాక, రక్తనాళములు, నరములు, హార్మోనులతో శరీరమున అల్లుకొనియున్న అవయవముగ చూపుట మంచిది. ఆ పాఠము విన్న బాలిక రేపు తన తల్లితో ఆసుపత్రికి పోయినపుడు నాలుగు ప్రశ్నలు అడుగగలుగును: గడ్డ ఎంతది? ఎచటనున్నది? నా తల్లి బాధకు అదియే కారణమా? మందుల వలన గాని, కొంతకాలము వేచిచూచుట వలన గాని, గడ్డను మాత్రము తీయుట వలన గాని పని జరుగదా? వీటికి సమాధానము విన్న పిమ్మట ఆ తల్లి గర్భాశయమును తీయించుకొన దలచినను దోషము లేదు. అడుగకముందే నిర్ణయము జరిగిపోవుటయే దోషము.