రంగమార్తాండుని వారసత్వము

కృష్ణవంశిగారి దర్శకత్వమున 2023వ సంవత్సరము మార్చి 22వ తేదీని, ఉగాదినాడు, విడుదలయిన ‘రంగమార్తాండ’ చలనచిత్రము ప్రధానముగా వృద్ధులైన ఇద్దరు నటుల కథ. దీనిని చూచి కంట తడి పెట్టనివారు అరుదు. చూచినవారిలో తలిదండ్రులైనవారు బిడ్డలకు నీతి చెప్పుటకును, బిడ్డలైనవారు దూరమున నున్న తలిదండ్రులకు ఫోను చేయుటకును పూనుకొందురు. అది మంచిదే. కాని కన్నీటి పరిమాణమునుబట్టి కళాఖండమునకు విలువ కట్టరాదు. ఈ చిత్రము మనకు చెప్పిన దేమి, చెప్పక విడిచిన దేమి యని విచారించుట అవసరము.

దీని మూలము మరాఠీ భాషలో నున్నది. కుసుమాగ్రజుడను కలముపేరుతో ప్రసిద్ధికెక్కిన శిర్వాడ్కరు 1970లో రచించిన ‘నటసమ్రాట్’ నాటకము మొదట రంగస్థలమునను, 2016లో మహేశ్ మంజ్రేకరు దర్శకత్వమున వెండితెరపైనను వెలసినది. ఆ నాటకమునకు వెనుక షేక్స్పియరు మహాకవి లియర్ రాజు నీడ కలదు. తెలుగున రాఘవరావుగా ప్రకాశ్ రాజు, అతని భార్యగా రమ్యకృష్ణ, మిత్రుడగు చక్రపాణిగా బ్రహ్మానందము నటించిరి. బిరుదమును సత్కారమును పొందిన దినముననే రాఘవరావు నటనకు స్వస్తి చెప్పి, ఇంటిని ధనమును బిడ్డలకు పంచి యిచ్చును. పిమ్మట ఆ బిడ్డల యిండ్లలోనే పరాయివాడగును. తుదకు భార్యతో వెడలిపోవును. ఆమెను గూడ కోల్పోవును. కథ యింతియే.

లియర్ రాజు రాజ్యమును విడిచెను గాని రాజఱికమును విడువలేకపోయెను. అతని దుఃఖమునకు కుమార్తెల క్రౌర్య మెంత కారణమో, తన యవివేకమును అంత కారణమని కవి మొదటి యంకముననే మనకు చూపినాడు. అందుచేతనే ఆ వృద్ధునిపై మనకు కలుగు జాలి లోతుగ దిగును. రాఘవరావును అట్టివాడే. ఇల్లు వ్రాసి యిచ్చెను గాని, ఇంటిలోనివారెల్ల తన ప్రేక్షకులను తలంపును వదలుకొనలేదు. ఈ దోషమును దర్శకుడు గుర్తింపకపోలేదు. కాని దానిపై నిలువక, త్వరత్వరగా కోడలిని కూతురిని దోషులనుగా నిలువబెట్టినాడు. దినదినము ఆ యింటి భారమును మోయు కోడలికి తన పక్షము చెప్పుకొను అవకాశ మొక్కటియు దక్కలేదు. ఒకప్పుడు మన కథలలో అత్తలందఱును గయ్యాళులు. నేడు కోడండ్రందఱును కఠినలు. పాత్రలు మాఱినవి గాని అన్యాయము మాఱలేదు. శోకము స్థాయిభావమనియు, అది పక్వమైననే కరుణరస మగుననియు ఆలంకారికులు చెప్పినారు. ఈ చిత్రమున గృహఘట్టములు పెక్కుచోట్ల శోకముకడనే ఆగిపోయినవి.

ఈ విషయమును మేమింత పట్టి చూచుటకు కారణము కలదు. మా బసంత్‌నగరము సిమెంటు కర్మాగారముతో పెరిగిన యూరు. రామగుండము, గోదావరిఖని బొగ్గుగనులు మాకు పొరుగు. ఈ ప్రాంతమున ‘వారసత్వ’మను మాటకు ప్రత్యేకార్థ మేర్పడినది. గనిలో పనిచేయు కార్మికుడు రోగగ్రస్తుడై వైద్యులచే అనర్హుడని నిర్ణయింపబడినచో, అతని బిడ్డకు సింగరేణి సంస్థలో లభించు కొలువును జనులు వారసత్వపు ఉద్యోగ మనుచు వచ్చిరి. కారుణ్య నియామక మనునది దాని కాగితపు పేరు. కొలువును బిడ్డ కప్పగించి, విరమణ ధనమును పంచి, కంపెనీ క్వార్టరును ఖాళీచేసి, కొడుకు పంచన చేరు తండ్రులకు రాఘవరావు కథ నటుని కథగా మాత్రమే తోపదు. అట్టివారు తెలిసికొనదగిన దొకటి కలదు. 2007లో పార్లమెంటు చేసిన తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టములోని 23వ విభాగము ననుసరించి, పోషింపవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో, ట్రిబ్యునలు రద్దుపఱుపవచ్చును. దానపత్రమున ఆ యొక్క వాక్యమును వ్రాయించుకొనుట అవిశ్వాసము గాదు, వివేకము. చట్ట మిల్లు తిరిగి యిప్పింపగలదు. కాని వృద్ధునకు ఇల్లొక్కటియే చాలునా?

చాలదనుటకే చక్రపాణి పాత్ర సాక్ష్యము. చిత్రమున కెల్ల ప్రాణమిదియే. అత్తిలిలో తెలుగు ఉపన్యాసకుడుగ నుండి చిత్రసీమ కేగిన బ్రహ్మానందము, లెక్కకు మిక్కిలి చిత్రములలో నటించి గిన్నిసు గ్రంథమున కెక్కినవాడు. మూడు దశాబ్దములకు పైగా ఆయన మొగము కనబడిననే జనులు నవ్విరి. ఆ మొగముననే దుఃఖమును నిలిపి చూపుట దర్శకుని సాహసము, నటుని విజయము. లియర్ రాజునకు విదూషకు డెట్టివాడో రాఘవరావునకు చక్రపాణి యట్టివాడు. లోకము బిరుదము లిచ్చుచుండగా, ఈతడు మిత్రుని నటనను నడవడిని మొగముమీదనే నిందింపగలడు. ఆసుపత్రిలో ఆ యిద్దఱును భారతపాత్రల పలుకులతో తమ గుండెలోని మాటను చెప్పుకొను ఘట్టమున నటనయేదో నిజమేదో వేఱుపఱుపలేము. ఇచ్చట శోకము రసమైనది. ఏలయన, ఇచ్చట దోషి లేడు. ఇద్దఱు మనుష్యులును వారి యేబదియేండ్లవంటి చెలిమియు మాత్రమే కలవు.

ఇట్టి చెలిమి మన తెరకు క్రొత్తది గాదు. కె. విశ్వనాథుగారి ‘సాగరసంగమము’ (1983)న త్రాగుడుచే నశించుచున్న నర్తకుడు బాలకృష్ణను తుదివఱకు కాచినవాడు మిత్రుడు రఘు. ‘శంకరాభరణము’ (1980)న శంకరశాస్త్రి బీదతనమున అండగా నిలిచినవాడు మాధవయ్య. కాని ఆ రెండు చిత్రములును స్నేహమువద్ద ఆగక మఱియొక ప్రశ్న వేసినవి: కళాకారుని వెనుక నెవరు? బాలకృష్ణ తాను ఆడలేని నాట్యమును శైలజకు నేర్పి కన్నుమూసెను. శంకరశాస్త్రి గానము నడుమ ఆగగా శిష్యుడైన బాలుడు దానిని కొనసాగించెను. వారిద్దఱును ఆస్తి లేనివారు, అయినను ఇచ్చిపోయినారు. విశ్వనాథుగారు 2023 ఫిబ్రవరి 2వ తేదీని, అనగా ‘శంకరాభరణము’ విడుదలయైన తేదీనాడే, దివంగతులైరి. ఏడువారములు నిండకమునుపే ‘రంగమార్తాండ’ వచ్చినది. ఆయన వేసిన ప్రశ్నను ఈ చిత్రము అందుకొనియున్నచో ఎంత బాగుండెడిది!

రాఘవరావు ఇల్లెవరికిచ్చెనో, సొమ్మెవరికిచ్చెనో మనకు సవివరముగ తెలియును. తన విద్యను ఎవరికిచ్చెనో తెలియదు. శిష్యుని పాత్ర యీ కథకు నడుమ లేదు. బిరుదము పొందిన దినముననే నటనకు స్వస్తి చెప్పినవాడు, మఱునాటి యుదయము పదిమంది బాలురను కూర్చుండబెట్టుకొని పద్యము చదువుట నేర్పియున్నచో, కోడలి యింట కిట్టనిదైన ఆ కంఠము ఊరికంతటికి ఉపకరించి యుండెడిది. ఇది మా ప్రాంతపు ఒగ్గుకథకులను చూచి మేమనుచున్న మాట. డోలు వెనుక నిలిచి వంతపాడిన బాలుడే కాలక్రమమున కథకుడగును. ఆ విద్యకు దేశమున పేరు తెచ్చిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూసినను ఒగ్గుడోలు మూగపోలేదు.

కావున ఇంటింటను ఈ చిత్రమును చూడవలసినదే. కాని బిడ్డలను దూషించుటకై చూడరాదు. పని చాలించిన తండ్రికి తనను తిట్టగల స్నేహితుడొక డున్నాడా, తన విద్యను గోరు పిల్లవాడొక డున్నాడా యని విచారించుటకై చూడవలెను. మన పాఠశాలలలో వారమునకొక గంట అట్టి వృద్ధుల కిచ్చినచో వ్యయము స్వల్పము. నాటకము తెలిసిన విశ్రాంతులు ఈ బొగ్గుగనుల వాడలలో లేకపోలేదు. వారిని పిలుచువారే కావలెను.