సంబంధం కుదిరింది సరే, ఆ 26 మంది మాటేమిటి?

ఫుట్‌బాల్ అనే మాట కనపడగానే పేజీ తిప్పేయకండి. ఆ ఆటలో ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మా అబ్బాయి భోజనాల బల్లమీద చెంచాలూ గ్లాసులూ పెట్టి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ తలూపాను, అంతే. ఇప్పుడు చెప్పబోయేది ఆట సంగతి కాదు. ఒక ఊరివాళ్ళు చందాలు వేసుకుని నిలబెట్టుకున్న ఆస్తిని డబ్బున్నవాళ్ళు వచ్చి అడిగితే, ఇవ్వాలా వద్దా అని ఆ ఊరు ఎలా తర్జనభర్జన పడిందో, దాన్ని ఒక సీరియల్ మనకి ఎలా చూపించిందో, ఎంత చూపించకుండా దాటేసిందో చెబుదామని.

ఆ సీరియల్ పేరు 'వెల్కమ్ టు రెక్సమ్'. 2022 ఆగస్టులో మొదలైంది. కట్టుకథ కాదు, నిజంగా జరిగింది జరుగుతూండగా తీసినది. రెక్సమ్ అనేది వేల్స్ దేశంలో, ఇంగ్లండు సరిహద్దుకి దగ్గరగా ఉన్న ఊరు. ఒకప్పుడు బొగ్గుగనుల ఊరు. 1934 సెప్టెంబరు 22న ఆ పక్కనే గ్రెస్‌ఫర్డ్ గనిలో పేలుడు జరిగి 266 మంది పోయారు. శనివారం మధ్యాహ్నం రెక్సమ్ జట్టు ఆట చూడాలని, ఆ పూట సెలవు దొరకడం కోసం ముందురోజు రాత్రే రెండు షిఫ్టులు కలిపి చేస్తున్నవాళ్ళు వాళ్ళలో చాలామంది ఉన్నారంటారు. చాలామంది శవాలు పైకి తేనేలేదు, గనిలో ఆ భాగాన్ని అలాగే మూసేశారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఆ ఊళ్ళో ఆ జట్టంటే ఏమిటో మనకి ఎవరూ వివరించక్కర్లేదు.

1864లో పుట్టిన క్లబ్బు అది. అంత పాతదానికీ కష్టాలు తప్పలేదు. యజమానులు మారారు. ఒక యజమాని కన్ను ఆటమీద కాక ఆటస్థలం మీద పడింది, ఇళ్ళ స్థలంగా బాగా పలుకుతుందని! 2004లో క్లబ్బు దివాలా అంచుకి వచ్చింది. 2008లో పెద్ద లీగులోంచి జారి ఐదో అంచెకి పడింది. 2011లో అసలు ఆడనిచ్చేదే లేదు, రెండున్నర లక్షల పౌండ్లు పూచీ కట్టమన్నారు. అభిమానులు ఒక్కరోజులో లక్షకి పైగా పోగు చేశారు. ఆ తర్వాత వాళ్ళ సంఘమే, ట్రస్టు అంటారు లెండి, క్లబ్బుని చేతిలోకి తీసుకుంది. దాదాపు తొమ్మిదేళ్ళు ఎవరి దయా లేకుండా నడుపుకున్నారు. పైకి రాలేకపోయారు. కానీ మునిగిపోలేదు. చిన్న జీతంలో, అప్పు లేకుండా నెల గడుపుకొచ్చే ఇల్లాలికి ఆ రెంటికీ ఉన్న తేడా తెలుసు.

అదిగో, అప్పుడు వచ్చింది కబురు. 2020 సెప్టెంబరులో ట్రస్టువాళ్ళు సభ్యుల్ని ఒక మాట అడిగారు: బాగా పేరున్న ఇద్దరు పెద్దమనుషులు మన క్లబ్బు కావాలంటున్నారు, మాట్లాడమంటారా? పేర్లు చెప్పలేదు! పెళ్ళికొడుకు పేరు చెప్పకుండా "సంబంధం మాత్రం మంచిది" అనే పేరయ్యల్ని మనమూ చూశాం. సరే మాట్లాడండి అన్నారు సభ్యులు. తీరా పేర్లు బయటికి వస్తే ఇద్దరూ సినిమా, టీవీ నటులు. ఒకరు రయన్ రేనాల్డ్స్, కెనడా మనిషి. రెండోవారు రాబ్ మాకెల్‌హెన్నీ, అమెరికా మనిషి. ఆ ఊరితో ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు.

మరి ఊరు ఏమనుకుంది? ఏ వీధి అరుగుమీదైనా ఏమనుకుంటారో అదే. "హాలీవుడ్ వాళ్ళకి మన ఊళ్ళో ఏం పని?" అన్నవాళ్ళున్నారు. "ఏం పనైతేనేం, వచ్చారుగా!" అన్నవాళ్ళున్నారు. నవంబరులో ఆ ఇద్దరూ వీడియోలో సభ్యుల ముందుకొచ్చి, క్లబ్బులో 20 లక్షల పౌండ్లు పెడతామన్నారు. ఊరు మార్చం, పేరు మార్చం, రంగులు మార్చం అన్నారు. తమ ఆశయాల పట్టీలో చివర "చెస్టర్‌ని ఎప్పుడూ ఓడించాలి" అని కూడా చేర్చారు. చెస్టర్ సరిహద్దుకి అవతలి ఊరు. తరాల పగ. అత్తవారింటి బలహీనత కనిపెట్టి అడగకుండానే పులిహోర మెచ్చుకునే అల్లుడు ఉంటాడు చూశారూ, అలా ఉంది ఆ మాట.

ఓట్లు పడ్డాయి. 1,809 మంది సరే అన్నారు. 26 మంది వద్దన్నారు. తొమ్మిది మంది ఎటూ చెప్పలేదు. 2021 ఫిబ్రవరిలో అప్పగింతలు అయిపోయాయి.

నా పేచీ ఇక్కడే. ఇంత పెద్ద ఘట్టాన్ని సీరియల్ మొదటి భాగంలో గబగబా దాటేసింది. ఓట్ల లెక్క తెలియడం, ఇద్దరు నటుల మొహాలు వెలిగిపోవడం, సంబరం. ఆ తర్వాత కథ ఆటగాళ్ళ మీదికీ గోల్సు మీదికీ వెళ్ళిపోయింది. ఏ వాదన మీద వాదన జరిగిందో, ఎవరు ఎవరితో కాదన్నారో, ఇంటికి వెళ్ళి భార్యాభర్తలు ఏమని పోట్లాడుకున్నారో, అదంతా ఏది? తొమ్మిదేళ్ళు తమ చేతుల్తో నడుపుకున్నదాన్ని ఒక వారంలో ఇచ్చేయడానికి చెయ్యెత్తిన మనిషికి ఆ రాత్రి నిద్రపట్టిందా లేదా, నేను చూడాలనుకున్నది అది.

ఎందుకు చూపించలేదో కనుక్కోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. సీరియల్ నిర్మాతల పేర్లలో ఆ కొన్న ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పెళ్ళికొడుకువారు తీయించిన పెళ్ళి వీడియో ఇది! అందులో పెళ్ళికొడుకు ఎప్పుడూ అందంగానే ఉంటాడు. వద్దన్న మేనమామ ఏ మూల కూచున్నాడో కెమెరా అటు తిరగదు. అలాగని అబద్ధాలు చూపించారని నేననడంలేదు. తీసినంత మేర బాగా తీశారు. స్టేడియం పక్కనే ఉన్న పబ్బు, ఇంటికి రంగులేసుకు బతుకుతూ వారమంతా శనివారం కోసం చూసే మనిషి, చక్రాల కుర్చీలో ఉండి తనలాంటివాళ్ళకి ఆట చూసే ఏర్పాట్లు చేసే ఆవిడ, వీళ్ళందరినీ మన వీధివాళ్ళలాగే చూపించారు. గ్రెస్‌ఫర్డ్ గని సంగతి చెప్పినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. అమెరికావాళ్ళకి అర్థంకావాలని ఆట మాటలకి మధ్య మధ్య వివరణలు వేస్తారు, అవి నాలాంటిదానికి అగ్గిపుల్లల పాఠం కన్నా బాగా ఉపయోగపడ్డాయి. ఆడవాళ్ళ జట్టుని కూడా మర్చిపోలేదు. 2023 మార్చిలో వాళ్ళ ఆట చూడటానికి 9,511 మంది వచ్చారు.

కానీ ఆ 26 మంది నన్ను వదలడంలేదు. రహస్య ఓటు కాబట్టి ఎవరో మనకి తెలియదు, తెలియక్కర్లేదు. ఎందుకు వద్దన్నారన్నదే ప్రశ్న. కొందరు ఉత్త మొండివాళ్ళే అయుంటారు, ప్రతి వీధిలోనూ ఉంటారు. కొందరు పాత యజమానుల చేతిలో కాలినవాళ్ళు. కానీ కనీసం ఒక్కరైనా ఇలా ఆలోచించి ఉంటారని నా ఊహ: "ఈ ఇద్దరూ మంచివాళ్ళే అనుకుందాం. వీళ్ళు విసుగొచ్చి అమ్మేసిననాడు ఎవడికి అమ్ముతారు? అప్పుడు మమ్మల్ని ఎవరు అడుగుతారు?"

ఎందుకంటే ఆ నవంబరు ఓటుతో వాళ్ళు క్లబ్బుని మాత్రమే ఇవ్వలేదు. వద్దనే అధికారాన్ని ఇచ్చేశారు. అడిగినవాళ్ళకి కాదని చెప్పగల చోట కూచుని ఉన్నారు కాబట్టే అంత పెద్ద నటులు వీడియోలో కూచుని, పేరు మార్చం, రంగు మార్చం అని అన్ని మాటలు ఇచ్చారు. కాదనే హక్కే లేనివాళ్ళకి అన్ని మాటలు ఎవరిస్తారు? మా పెద్దత్తగారు ఇల్లు కొడుకు పేర దాన సెటిల్‌మెంటు రాస్తూ, వీధివైపు గది తను బతికున్నంతకాలం తనదేనని పట్టుబట్టి రాయించుకున్నారు. "కన్నకొడుకుని నమ్మవా?" అన్నారందరూ. "వాణ్ణి నమ్ముతానే, వాడి తర్వాత వచ్చేవాళ్ళు ఎవరో నాకు తెలియదుగా" అన్నారావిడ. ఆ 26 మందిలో మా పెద్దత్తగారు లాంటివారు ఒకరున్నారని నాకు గట్టి నమ్మకం.

ఇది ఉత్తుత్తి భయం కాదనడానికి సాక్ష్యం రెక్సమ్‌కి ఎంతో దూరం కూడా లేదు. లంకాషైర్‌లో బ్లాక్‌బర్న్ అని నూలు మిల్లుల ఊరు. 1931లో గాంధీగారు ఆ పక్కనే ఉన్న డార్వెన్ వెళ్ళి, మన విదేశీ వస్త్ర బహిష్కారం వల్ల పనిపోయిన మిల్లు కార్మికులతో మాట్లాడి వచ్చారు. అక్కడి జట్టు బ్లాక్‌బర్న్ రోవర్స్, 1875 నాటిది. దానికీ ఒక ధనవంతుడు దొరికాడు, జాక్ వాకర్ అని. ఆ ఊళ్ళో పుట్టి, ఉక్కు వ్యాపారంలో గడించి, ఆ డబ్బు తెచ్చి తన ఊరి జట్టుకి పోశాడు. 1995లో దేశంలో మొదటి స్థానం వాళ్ళదే. అంతకన్నా మంచి యజమాని ఎక్కడ దొరుకుతాడు? 2000లో ఆయన పోయాడు. 2010 నవంబరులో ఆయన కుటుంబపు ట్రస్టు క్లబ్బుని అమ్మేసింది, 2 కోట్ల 30 లక్షల పౌండ్లకి.

కొన్నదెవరో తెలుసునా? మన పూణె వెంకీస్ వారు! ఫ్రీజర్లో చికెన్ ప్యాకెట్ మీద చూస్తామే, ఆ పేరే. కోడిగుడ్డు ధర ఇంత అని రోజూ పత్రికలో పడే ఆ ఎన్.ఇ.సి.సి.ని 1982లో పెట్టించిన బి.వి.రావుగారి సంస్థ అది. ఇంకా నెల తిరక్కుండానే కొత్త యజమానులు పాత మేనేజరుని పంపేశారు. ఆటగాళ్ళ చేత చికెన్ తింటూ ప్రకటనలో నటింపచేశారు. 2012 మేలో జట్టు పెద్ద లీగులోంచి జారిపోయింది. ఆ రోజు ఆట జరుగుతూండగా ఎవరో జట్టు జెండా చుట్టిన బతికున్న కోడిని మైదానంలోకి వదిలారు. నవ్వొస్తుంది నిజమే, కానీ ఆ కోడిని చంకలో దాచుకుని స్టేడియందాకా తెచ్చినవాడి కడుపుమంట కూడా చూడండి. 2017లో ఇంకో మెట్టు దిగి మూడో అంచెలో పడ్డారు, మర్నాటి ఏడు ఎక్కారు. వెంకీస్ వారు డబ్బు పెట్టలేదనడం అన్యాయం, ఏళ్ళ తరబడి పోస్తూనే వచ్చారు. ఊరివాళ్ళ గోల డబ్బు గురించి మాత్రమే కాదు. మొదటినుంచీ ఎవరూ వాళ్ళని ఒక్కమాట అడగలేదు. 2010లో వాళ్ళూ పబ్బుల్లో వాదించుకునే ఉంటారు, ఈ కోళ్ళవాళ్ళు మంచివాళ్ళా కాదా అని. ఎన్ని వాదించుకున్నా లెక్కపెట్టడానికి ఓటు పెట్టె లేదు.

'వెల్కమ్ టు రెక్సమ్' తీసినవాళ్ళకి ఈ కథ తెలియదనుకోను. తమ కథలోకి రానివ్వలేదు. రానిస్తే కథ ఎక్కడ చెడిపోతుంది? పైగా ఇంకా బిగువెక్కేది. రెక్సమ్ 2023లో ఒక మెట్టు, 2024లో ఒక మెట్టు, 2025లో ఒక మెట్టు ఎక్కింది. పై ఐదు అంచెల్లో వరసగా మూడేళ్ళు అలా ఎక్కినవాళ్ళు అక్కడ అంతకుముందు లేరు. ఆ గెలుపు చూస్తూ, "అప్పుడు వద్దన్నానే" అని నాలిక్కరుచుకున్నవాడు ఉండొచ్చు. "ఇప్పటికీ వద్దనే అంటాను" అని గోల్ పడ్డప్పుడు మాత్రం అందరికన్నా గట్టిగా అరిచినవాడూ ఉండొచ్చు. ఈ రెండో మనిషి దొరికితే, సీరియల్ మొత్తానికీ అతనే నాయకుడు నా దృష్టిలో.

ఇంకో సంగతి. పట్టీలో చేర్చుకున్న ఆ పగవాళ్ళు, చెస్టర్. వాళ్ళ పాత క్లబ్బు 2010లో చితికిపోయి మూతపడింది. అభిమానులే కలిసి మళ్ళీ కొత్తగా పెట్టుకున్నారు, యజమానులూ వాళ్ళే. 2025లో రెక్సమ్ రెండో అంచెకి ఎక్కేనాటికి చెస్టర్ ఆరో అంచెలో ఉంది. అంటే ఎప్పుడూ ఓడిస్తామన్న జట్టుతో లీగులో ఆడే అవకాశమే పోయింది. సీరియల్ వాళ్ళు ఒక్క వారం కెమెరాని ఆ సరిహద్దు దాటించి, ఇంకా చందాలు రాసుకుంటూ, లెక్కలు చూసుకుంటూ, మీటింగుల్లో కాట్లాడుకుంటూ ఉన్న ఆ చెస్టర్ వాళ్ళ బల్ల ముందు పెడితే, కూర మాడినా సరే, లేవకుండా చూస్తాను.