‘కనెను’ – ‘పుట్టెను’: మత్తయి వంశావళిలో స్త్రీలు
విశాఖపట్టణంలో క్రాన్, డెగ్రాంజిస్, ఆనందరాయరులు ఆరంభించిన అనువాదకృషి ఫలితంగా 1812లో శ్రీరాంపురంలో మత్తయి సువార్త తెలుగులో అచ్చయింది. నేడు ప్రచారంలో ఉన్న అనువాదంలో దాని తొలి అధ్యాయం పరిశీలించదగినది. వాడుకలో తల్లికి చెందిన ‘కను’ ధాతువుకు ఇక్కడ తండ్రి కర్త. తామారు, రాహాబు, రూతులు ‘అందు’ అనే సప్తమీ విభక్తిలో నిలిచారు. ఇది సంస్కృత పురాణ వంశవర్ణనల పద్ధతి. బత్షెబకు పేరైనా లేదు. ఆమె ఊరియా భార్య.

ఈ నలుగురినీ పాపులుగా చూసే వ్యాఖ్యానం రూతు విషయంలో నిలువదు. తామారు నీతిని ఆదికాండంలో యూదాయే అంగీకరించాడు. ఊరియా పేరు నిలపడంలో దావీదు దోషమే ధ్వనిస్తుంది. మరియ వద్ద ‘కనెను’ తొలగి ‘పుట్టెను’ వచ్చింది. యోసేపు ‘మరియ భర్త’ అయ్యాడు. తండ్రి కర్తృత్వం అక్కడ ముగిసింది.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వంశవృక్షాలను చదివేటప్పుడు సైతం స్త్రీ పేరు ఉన్నదా అనుటతో ఆగక, ఏ విభక్తిలో ఉన్నదో అడగవలసి ఉంది.