140 దగ్గర గీసిన గీత

75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి గర్భవతి చేత తాగిస్తారు. రెండు గంటలు గడిచాక రక్తం తీసి చూస్తారు. డెసిలీటరు ప్లాస్మాలో గ్లూకోజు 140 మిల్లీగ్రాములో, అంతకంటే ఎక్కువో ఉంటే ఆమెకు గర్భకాల మధుమేహం ఉన్నట్లు లెక్క. 139 ఉంటే లేనట్లు లెక్క. ఆమె పరగడుపున వచ్చిందా, ఇడ్లీలు తిని వచ్చిందా అన్న ప్రశ్నే లేదు. కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ 2014లో తెచ్చి, 2018లో సవరించిన మార్గదర్శక పుస్తకానికి గుండెకాయ ఈ సూత్రమే.

ఇలాంటి పుస్తకాలను సాధారణంగా ఎవరూ సమీక్షించరు. నవల బాగా లేకపోతే పాఠకుడు పక్కన పెట్టేస్తాడు, అంతటితో సరి. ఏటా రెండు కోట్లకు పైగా ప్రసవాలు జరిగే దేశంలో ఈ పుస్తకంలోని ఒక్క అంకె కొద్దిగా జరిగితే లక్షల మంది తల్లులు గీతకు ఇటువైపు నుంచి అటువైపుకు మారిపోతారు. కాబట్టి ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత గట్టిదో విద్యార్థులు తెలుసుకోవడం అవసరం.

ముందు జబ్బు సంగతి. గర్భం పెరిగే కొద్దీ మాయ, అంటే ప్లాసెంటా, కొన్ని హార్మోన్లను స్రవిస్తుంది. వాటి ప్రభావం వల్ల తల్లి శరీర కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. తల్లి రక్తంలో గ్లూకోజు మరికాస్త సేపు నిలిచి బిడ్డకు అందడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. తల్లి క్లోమం ఇన్సులిన్‌ను ఎక్కువగా తయారుచేసి ఈ లోటును సర్దుకుంటుంది. సర్దుకోలేకపోతే చక్కెర పెరుగుతుంది. గ్లూకోజు మాయను దాటి బిడ్డను చేరుతుంది గాని తల్లి ఇన్సులిన్ దాటదు. అందువల్ల బిడ్డ క్లోమమే అదనపు ఇన్సులిన్ తయారుచేసుకోవాలి. ఇన్సులిన్ పెరుగుదలకు తోడ్పడే హార్మోను కూడా. బిడ్డ లావెక్కుతుంది, కాన్పు కష్టమవుతుంది. బొడ్డుతాడు కోశాక చక్కెర సరఫరా ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం వెంటనే తగ్గదు. దాంతో పుట్టిన కొద్ది గంటల్లోనే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఇంత జరుగుతున్నా తల్లికి సాధారణంగా ఏ బాధా తెలియదు. అలసట, మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం గర్భవతులందరికీ ఉండేవే. కనుక పరీక్ష తప్ప వేరే దారి లేదు. వైద్యం వల్ల ఫలితం ఉంటుందా అన్న సందేహానికి ఆస్ట్రేలియాలో వెయ్యి మంది తల్లులపై జరిగి 2005లో వెలువడిన అధ్యయనం జవాబిచ్చింది. చికిత్స పొందిన వారి శిశువుల్లో తీవ్రమైన చిక్కులు 4 శాతం నుంచి 1 శాతానికి తగ్గాయి.

ఇక గీత చరిత్ర. 1964లో బోస్టన్‌లో ఓ'సల్లివాన్, మహాన్ అనేవారు 752 మంది గర్భవతుల పరీక్షల ఆధారంగా మొదటి ప్రమాణాలు నిర్ణయించారు. తమాషా ఏమిటంటే వారు చూసింది బిడ్డకు ఏమవుతుందని కాదు, తల్లికి మున్ముందు మధుమేహం వస్తుందా అని. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు గంటల విలువకు 140ని హద్దుగా పెట్టింది. అది గర్భం లేని పెద్దవారిలో చక్కెరను తట్టుకునే శక్తి తగ్గిందని చెప్పడానికి వాడే అంకే. పైగా అది పరగడుపున చేసే పరీక్షకు ఉద్దేశించినది. 2008లో తొమ్మిది దేశాల్లో 23 వేల మందికి పైగా గర్భవతులను పరిశీలించిన 'హాపో' అధ్యయనం వెలువడింది. తల్లి చక్కెర పెరిగే కొద్దీ బిడ్డకు ముప్పు మెల్లగా, ఎక్కడా మెట్టు లేకుండా పెరుగుతుందని తేలింది. అంటే ప్రకృతిలో గీత లేదు, మనమే గీసుకోవాలి. ఆ లెక్కల ఆధారంగా 2010లో అంతర్జాతీయ నిపుణుల బృందం పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 అనే హద్దులు సూచించింది. వీటిలో ఏ ఒక్కటి దాటినా మధుమేహమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వీటిని స్వీకరించింది. అయితే ఆ తొమ్మిది దేశాల్లో మన దేశం లేదు.

మన పుస్తకం ఈ మూడు విలువల పద్ధతిని పక్కన పెట్టి, చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య, ఆయన సహచరులు ప్రచారం చేసిన ఒంటి పరీక్షను ఎంచుకుంది. ఆ ఎంపిక వెనుక మంచి ఇంగితం ఉంది. పది కిలోమీటర్ల దూరం నుంచి బస్సెక్కి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే గర్భవతిని ఏమీ తినకుండా రమ్మంటే రాదు. తిని వచ్చిందని వెనక్కి పంపితే మళ్లీ రాదు. ఖాళీ కడుపున అంత తియ్యటి నీళ్లు తాగితే వాంతి కూడా కావచ్చు. మూడుసార్లు సూది గుచ్చడం కంటే ఒకసారి గుచ్చడం నయం. దూరపు ప్రయోగశాలకు పంపిన రక్తంలో కణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. అక్కడికక్కడే గ్లూకోమీటరుతో చూస్తే ఈ బెడద ఉండదు. మొదటి సందర్శనలో ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి పరీక్షించమనడం కూడా మెచ్చదగినదే.

నా అభ్యంతరం వేరేచోట ఉంది. పరగడుపు పరీక్షకు పెట్టిన 140ని తిన్న కడుపుకూ అలాగే వాడవచ్చా? పుస్తకాన్ని సమర్థించేవారి వాదన ఇది: ఆరోగ్యవంతురాలి క్లోమం తిండికీ గ్లూకోజుకూ సరిపడా ఇన్సులిన్ ఇచ్చుకోగలదు, మధుమేహం ఉన్నామె ఇచ్చుకోలేదు, కాబట్టి తేడా బయటపడుతుంది. 2009లో చెన్నై బృందం 800 మంది తల్లులపై చేసిన పరిశీలన దీన్ని బలపరిచింది. కాని శరీరధర్మశాస్త్రంలో పాత సంగతి ఒకటి ఉంది. ఒకసారి పిండిపదార్థం తిని, కొద్ది గంటల్లో మళ్లీ తీసుకుంటే రెండోసారి చక్కెర అంతగా పెరగదు. మొదటి తిండి క్లోమాన్ని ముందే మేల్కొలిపి ఉంచుతుంది. అంటే అదే స్త్రీ ఇడ్లీ తిని వస్తే ఒక ఫలితం, తినకుండా వస్తే మరో ఫలితం రావచ్చు. 2014లో డాక్టర్ వి. మోహన్ బృందం, అదీ చెన్నైదే, ఒకే తల్లులకు రెండు విధాలా పరీక్ష చేసి ప్రచురించిన ఫలితాలు ఇబ్బంది కలిగిస్తాయి. పరగడుపు పరీక్షలో మధుమేహం తేలిన వారిలో సుమారు నాలుగో వంతు మందినే తిన్న కడుపు పరీక్ష పట్టుకోగలిగింది. జబ్బు లేనివారిని లేదని చెప్పడంలో మాత్రం అది చాలా కచ్చితంగా ఉంది.

ఒకే ఊరు, ఒకే జనం, రెండు పొంతన లేని ఫలితాలు. ఇలాంటప్పుడు పుస్తకం చేయవలసిన పని పరీక్షను వదిలేయడం కాదు, దాన్ని సరైన పేరుతో పిలవడం. 140 దాటితే చికిత్స మొదలుపెట్టండి, అందులో పొరపాటు తక్కువ. దాటకపోతే 'మీకు షుగరు లేదు' అనకూడదు. జల్లెడలో పడలేదని చెప్పడం వేరు, లేదని చెప్పడం వేరు. తల్లిదండ్రులకు మధుమేహం ఉన్నా, ముందు కాన్పులో నాలుగు కిలోల బిడ్డ పుట్టినా, ఆ తల్లికి ఇంకొక రోజు పరగడుపు రక్తపరీక్ష చేయవచ్చు. దానికి గ్లూకోజు పొట్లం కూడా అక్కరలేదు.

అలాగని గీతను కిందికి దించితే అంతా బాగుపడుతుందనీ కాదు. అమెరికాలో 23 వేల మందికి పైగా తల్లులను రెండు పద్ధతుల మధ్య పంచి చూసిన 2021 నాటి అధ్యయనంలో కొత్త ప్రమాణాల వల్ల రోగులు రెట్టింపయ్యారు, కాన్పు ఫలితాలు మాత్రం చెప్పుకోదగినంత మారలేదు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. గర్భంలో ఎర్రకణాల ఆయుర్దాయం మారుతుంది; రక్తహీనత ఉంటే లెక్క ఇంకా తప్పుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన గర్భవతుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది.

పరీక్ష తర్వాత తిండి. మధుమేహం తేలితే మొదటి రెండు వారాలు ఆహార నియమమే మందు అంటుంది పుస్తకం. ఆ తర్వాత, తిన్న రెండు గంటలకు చక్కెర 120కి లోపు రాకపోతేనే మెట్‌ఫార్మిన్ గాని ఇన్సులిన్ గాని. మూడు పూటలా మితంగా భోజనం, మధ్యలో రెండు మూడు సార్లు చిరుతిండి. సలహా మంచిదే. దాన్ని ఆమె చేత పాటింపజేయడమే కష్టం. ఎందుకంటే 140 నొప్పి పుట్టించదు. ఆ నెలల్లో ఆమెను నిజంగా బాధపెట్టేది గుండెల్లో మంట. ప్రొజెస్టిరాన్ హార్మోను వల్ల అన్నవాహిక చివర ఉండే కండర వలయం వదులవుతుంది; పెరుగుతున్న గర్భాశయం జీర్ణాశయాన్ని పైకి నెడుతుంది; ఆమ్లం పైకి తన్నుతుంది. ఆమె చేసేదేమిటి? మంటకు భయపడి ఒక పూట మానేసి రెండో పూట ఆకలికి ఎక్కువ తింటుంది. లేదా రాత్రి పంచదార వేసిన పాలలో రస్కులు నంజుకుని వెంటనే పడుకుంటుంది. మంటకు ఇది మంచిది కాదు, చక్కెరకు అసలే కాదు. కొంచెం కొంచెంగా తినడం, వేపుళ్లు తగ్గించడం, తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చకపోవడం మంటను తగ్గిస్తాయి; వీటిలో మొదటిది చక్కెరకు కూడా మందే. 'చక్కెర తగ్గుతుంది' అని చెబితే తల ఊపే మనిషి 'మంట తగ్గుతుంది' అంటే ఆ రాత్రే మొదలుపెడుతుంది. ఆసుపత్రుల్లో చేతికిచ్చే ఆహార పట్టికలు చాలావరకు ఈ రెంటినీ కలిపి చెప్పవు. మంటకు వాడే యాంటాసిడ్ మందును ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదని, రెండు గంటల ఎడం ఉండాలని కూడా గట్టిగా చెప్పాలి. లేకపోతే ఐరన్ వంటబట్టదు.

పట్టికల్లో మరో లోపం, పేర్లను నమ్ముకోవడం. బియ్యం చెడ్డవి, రాగులు మంచివి అని రాస్తారు. మెత్తగా విసిరిన రాగిపిండిని పల్చగా ఉడికించి తాగితే దాని పిండిపదార్థం కూడా తొందరగానే రక్తంలోకి చేరుతుంది. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంది. ఆ పరీక్ష గ్లాసులోని గ్లూకోజుకు అది దాదాపు సమానం. దాన్ని రెండు పూటలకు పంచి, పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు చేరిస్తే అన్నం మానవలసిన అవసరమే రాదు. 'ఇద్దరి కోసం తినాలి' అనే పెద్దల మాటకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన లెక్క రోజుకు అదనంగా 350 కిలోకాలరీలు. అది ఆ వంద గ్రాముల బియ్యంలోనే వచ్చేస్తుంది.

కాన్పయ్యాక ఆరు వారాలకు తల్లికి మళ్లీ 75 గ్రాముల పరీక్ష చేయమంటుంది పుస్తకం. గర్భంలో మధుమేహం వచ్చినవారికి తర్వాత టైప్-2 మధుమేహం వచ్చే అవకాశం మిగతావారి కంటే కొన్ని రెట్లు ఎక్కువ కనుక ఇది అనవసరపు తతంగం కాదు. ఆ సమయానికి తల్లి పసిబిడ్డతో పుట్టింట్లో ఉంటుంది, తన పరీక్ష కోసం ప్రత్యేకంగా రావడం కష్టం. కాని బిడ్డకు ఆరో వారపు టీకాలు వేయించడానికి ఎలాగూ వస్తుంది. బిడ్డ టీకా కార్డులో ఆ తేదీ పక్కనే తల్లి రక్తపరీక్షకు ఒక గడి అచ్చువేయవచ్చు.