విశ్వాససారం – సంఘాధికారం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత గ్రామీణ క్రైస్తవం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

క్రైస్తవానికి మూలమైన విశ్వాసాలు ఏవి, వాటిని కాపాడే అధికారం ఎవరిది అనే ప్రశ్నలు ఆది సంఘకాలం నుంచి ఉన్నవే. తెలుగునాట ఈ ప్రశ్నలను ఎక్కువగా వేదాంత పరిభాషలో చర్చించారు. కులం, చదువు, రాజ్యాంగ హక్కులతో వాటికున్న సంబంధం అంతగా చర్చకు రాలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు గ్రామీణ క్రైస్తవాన్ని నేపథ్యంగా తీసుకొని, సంఘాధికారంపై తెలుగువారు చేసిన ఆలోచనలను, జాషువ కావ్యదృష్టిని విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విశ్వాస ప్రమాణం, సంఘాధికారం, మెదక్ అధ్యక్ష మండలం, దళిత క్రైస్తవం, చెంచయ్య, జాషువ.

1. ఉపోద్ఘాతం:

2016 అక్టోబర్ 11న నిజామాబాద్ జిల్లా నుంచి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజన్. పొరుగున ఉన్న మెదక్ కేంద్రంగా వెస్లియన్ మెథడిస్టు మిషన్ సాగించిన కృషితో ఈ ప్రాంత ప్రొటెస్టెంట్ క్రైస్తవ చరిత్ర ముడిపడి ఉంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో నిర్మితమైన మెదక్ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠితమైంది. డిచ్‌పల్లిలో అదే మిషన్ నెలకొల్పిన కుష్ఠువ్యాధి చికిత్సాలయం సేవారంగంలో పేరుపొందింది. ఈ మిషన్ మాటను మొదట విన్నవారిలో అధికులు మాల, మాదిగ వాడల ప్రజలు. కాబట్టి ఇక్కడ సంఘాధికారాన్ని గురించి మాట్లాడడమంటే ఊరికి వెలుపల ఉంచబడిన మనుషుల గుర్తింపును గురించి మాట్లాడడమే.

2. విశ్వాససారం – అధికార స్వరూపం:

త్రియేక దేవుడు, క్రీస్తు మానవావతారం, సిలువ మరణం, పునరుత్థానం, పాపక్షమాపణ, నిత్యజీవం – ఇవి ప్రధాన క్రైస్తవ శాఖలన్నీ అంగీకరించే విశ్వాసాలు. అపొస్తలుల విశ్వాస ప్రమాణం, నైసీయ విశ్వాస ప్రమాణం వీటిని సూత్రీకరించాయి. భేదం వచ్చేది వీటిని వ్యాఖ్యానించే అధికారం దగ్గర. మత్తయి సువార్త 16వ అధ్యాయంలో కట్టడానికి, విప్పడానికి అధికారం పేతురుకు లభిస్తుంది. 18వ అధ్యాయంలో అదే అధికారం శిష్యసమూహానికి లభిస్తుంది. మొదటి సందర్భాన్ని ఆధారం చేసుకొని కతోలిక సంఘం పోపు ప్రాధాన్యాన్ని నిలబెట్టింది. రెండవ సందర్భం విశ్వాసుల సమూహమే అధికారానికి ఆధారమనే వాదానికి బలమిచ్చింది. ఒకే సువార్తలో రెండూ ఉండడం గమనించదగిన విషయం.

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం ఈ రెండింటినీ సమన్వయించే ప్రయత్నం చేసింది. బిషప్పులున్న ఆంగ్లికన్ సంప్రదాయం, బిషప్పులు లేని మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు ఇందులో కలిశాయి. విశ్వాసానికి పరమ ప్రమాణం బైబిలు అని, బిషప్పు పదవి రాజ్యాంగబద్ధంగా ఉంటుందని ఈ సంఘం ప్రకటించింది. ఆ పదవికి ఒకే వేదాంత వ్యాఖ్యానాన్ని అందరిపై విధించలేదు. అధ్యక్ష మండల సభ ఎన్నుకొన్న పేర్ల నుంచి సినాడ్ బిషప్పును నియమిస్తుంది. అప్పటికి మెదక్ ప్రాంతం ఇంకా నిజాం పాలనలోనే ఉంది. ఓటు అనే మాట పల్లెకు కొత్తగా ఉన్న రోజుల్లో ఎన్నికలతో కూడిన మతవ్యవస్థ ఏర్పడడం చరిత్రలో చిన్న విషయం కాదు.

3. పల్లె సంఘం – నియమం, ఆచరణ:

నియమావళిలోని అధికారం పల్లెలో ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ రచించిన గ్రామీణ సంఘ అధ్యయనం ముఖ్యమైన ఆధారం. 1968లో లండన్‌లో ప్రచురితమైన ఈ ఆంగ్ల గ్రంథం మెదక్ అధ్యక్ష మండలంలోని వడియారం పాస్టరేట్‌కు చెందిన జంగరాయి పరిసర గ్రామాలను పరిశీలించింది. వడియారం కామారెడ్డికి దక్షిణాన, హైదరాబాదు వెళ్ళే దారిలో ఉంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఆధారం దొరకడం కష్టం.

క్రీస్తు ఆరాధనతో పాటు గ్రామదేవతల కొలుపులు, పండుగలు, పెళ్ళి ఆచారాలు క్రైస్తవ కుటుంబాల జీవితంలో కొనసాగడాన్ని ఈ గ్రంథం నమోదు చేసింది. దీన్ని విశ్వాసలోపంగా కొట్టివేయకుండా, గ్రామ సమాజంలో భాగంగా బతకవలసిన మనుషుల జీవనరీతిగా చూడడం దీని ప్రత్యేకత. అయితే ఇందులో ఒక పరిమితి కూడా ఉంది. క్రైస్తవం, హిందూ సంస్కృతి అనే రెండు పెట్టెల మధ్య పల్లె జీవితాన్ని సర్దే చట్రంలో, మాదిగ స్త్రీకి పోచమ్మ తన తల్లిగారింటి దేవత మాత్రమేనా, లేక ఊరు ఆమెకు అప్పగించిన వెట్టిలో భాగమా అనే ప్రశ్నకు చోటు తక్కువ. కొలుపులో పాల్గొనడం భక్తి కావచ్చు, కులవృత్తి బాధ్యత కావచ్చు, నిరాకరించలేని ఒత్తిడి కావచ్చు. ఈ మూడింటినీ వేరుచేసి చూడకుండా సంఘక్రమశిక్షణను గురించి తీర్పు చెప్పడం సరికాదు.

అధికార స్వరూపానికి సంబంధించి మరో అంశం ఉంది. ప్రభు భోజన సంస్కారాన్ని అభిషేకం పొందిన ప్రెస్బిటరే నిర్వహించాలి. ఒక అయ్యగారి కింద అనేక గ్రామాలు ఉన్నచోట ఆ సంస్కారం తరచుగా అందదు. పాట మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగదు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి కీర్తనకారులు రాగతాళాలలో కూర్చిన క్రైస్తవ పదాలు, భజన బృందాల నోటి పాటలు చదువురాని విశ్వాసులకు సిద్ధాంతాన్ని అందించాయి. సంస్కారం అధికారి చేతిలో ఉంటే, విశ్వాససారం పాడేవారి నోట నిలిచింది. సంఘాధికార చర్చలో తెలుగు సాహిత్య పరిశోధకులకు చోటు ఏర్పడేది ఇక్కడే.

4. సంఘాధికారంపై తెలుగువారి ప్రశ్నలు:

1938 ఈ చర్చలో ముఖ్యమైన సంవత్సరం. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు ఆ ఏడాది బైబిలు మిషన్‌ను ప్రకటించారు. అదే సంవత్సరం మద్రాసులో వెలువడిన వ్యాససంకలనంలో పండిపెద్ది చెంచయ్య సంఘవ్యవస్థను తీవ్రంగా ప్రశ్నించారు. దేవదాసు అయ్యగారు దైవదర్శనాన్ని ఆధారం చేసుకొని కొత్త సమాజాన్ని నిర్మిస్తే, చెంచయ్య క్రీస్తు అనుభవమే ప్రధానమని, పాశ్చాత్య సంఘరూపం భారతీయులకు అనివార్యం కాదని వాదించారు. తరువాతి కాలంలో కలగర సుబ్బారావు క్రీస్తును అంగీకరిస్తూనే బాప్తిస్మాన్ని, సంఘాన్ని తిరస్కరించారు. భక్తసింగ్ హైదరాబాదులో హెబ్రోను కేంద్రంగా పెద్దల నాయకత్వంలోని స్థానిక సంఘాలను పెంపొందించారు.

వీటిలో చెంచయ్య వాదం మేధోపరంగా బలమైనది. దాన్ని ఎల్లారెడ్డి ప్రాంతపు పల్లెకు అన్వయించినప్పుడు మాత్రం ఒక ఇబ్బంది ఎదురవుతుంది. సమాజంలో ముందే గౌరవస్థానం ఉన్నవారికి సంఘం అదనపు వ్యవస్థ. దానిని వదులుకున్నా వారు కోల్పోయేది తక్కువ. గుడిలోకి రానివ్వని, బడిలో కూర్చోనివ్వని మనిషికి సంఘం పేరుతో పిలిచి కూర్చోబెట్టిన తొలి చోటు కావచ్చు. అక్కడి రిజిస్టరులో తండ్రి పేరుతో సహా తన పేరు నమోదు కావడం అతనికి పాశ్చాత్య ఆడంబరం కాదు. సంఘాన్ని నిరాకరించే స్వేచ్ఛకు కూడా ఒక సామాజిక నేపథ్యం ఉంటుందని ఈ పోలిక తెలియజేస్తుంది.

5. జాషువ – రిజిస్టరుకు అందని గుర్తింపు:

క్రైస్తవ కుటుంబంలో జన్మించిన గుఱ్ఱం జాషువ 1941 నాటి గబ్బిలం కావ్యంలో అరుంధతీసుతుని వేదనను కాశీ విశ్వనాథునికి చేరవేయించారు. క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ఈ రెండు కావ్యాలనూ కలిపి చదివినప్పుడు, బాధితుని పక్షాన నిలిచే దైవం కోసం వెదకడమే జాషువ విశ్వాససారమని తెలుస్తుంది. ఏ ఆలయాధికారమూ, ఏ సంఘాధికారమూ ఆ వెదుకులాటకు హద్దు గీయలేకపోయింది. ఇది జాషువ సంఘవిరోధి అని చెప్పడం కాదు. ఒక మనిషి విశ్వాసం అతని సభ్యత్వ వివరాల కంటే విశాలమైనదని చెప్పడం.

6. మూడవ అధికారం – రాజ్యం:

ఎవరు క్రైస్తవులు అనే ప్రశ్నకు విశ్వాస ప్రమాణం ఒక సమాధానం, బాప్తిస్మ రిజిస్టరు మరో సమాధానం. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడవ సమాధానం ఇచ్చింది. ఆ ఉత్తర్వు మూడవ పేరా షెడ్యూల్డు కుల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించింది. క్రైస్తవులకు, ముస్లింలకు విస్తరించలేదు. తెలంగాణలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవం స్వీకరించినవారిని బి.సి.–సి వర్గంలో చేర్చారు. ఆ వర్గపు రిజర్వేషను 1 శాతం.

దీనితో బాప్తిస్మం కేవలం సంస్కారంగా మిగలలేదు. విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకోవడం సిద్ధాంతరీత్యా క్రైస్తవానికి మూలం. ఆ ఒప్పుకోలుకు చెల్లించవలసిన మూల్యం పిల్లల చదువు, ఉద్యోగం అయినప్పుడు, కాగితంపై మౌనం వహించిన కుటుంబాన్ని అవిశ్వాసిగా నిర్ణయించే నైతిక అధికారం సంఘానికి ఉందా? మతం మారినా కులవివక్ష ఆగదని సంఘచరిత్రే సాక్ష్యమిస్తోంది. ఒకే బల్ల వద్ద భోజనానికి పిలిచిన సంఘంలోనే మాల, మాదిగ భేదాలు, పదవుల కోసం కులాల వారీ పోటీలు కొనసాగాయి. కాబట్టి ఈ విషయంలో రాజ్యానికి వేసే ప్రశ్నను సంఘం తనకూ వేసుకోక తప్పదు.

7. ముగింపు:

సంఘాధికారం అవసరమా, అనవసరమా అన్న చర్చ పల్లె క్రైస్తవాన్ని అర్థం చేసుకోవడానికి చాలదు. ఆ అధికారం ఎవరిని నిలబెట్టింది, ఎవరిని నిలదీసింది అనేదే అసలు ప్రశ్న. మత్తయి 16, 18 అధ్యాయాలు కలిసి సూచించే విధంగా, అధికారి సమూహానికి జవాబుదారీ అయినప్పుడే విశ్వాస ప్రమాణానికి అర్థం ఉంటుంది. బల్లను, బడిని, పేరును ఇచ్చిన సంఘం ఆ మేరకు తన అధికారాన్ని సార్థకం చేసుకుంది. కులభేదాన్ని సహించిన మేరకు తాను ప్రకటించిన విశ్వాసం ముందే దోషిగా నిలిచింది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల భజన పాటలను, ముఖ్యంగా స్త్రీల నోట నిలిచినవాటిని, సేకరించి పాస్టరేట్ రికార్డులతో పోల్చి చదివే పరిశోధనలు రావలసి ఉంది. రికార్డు ఎవరు సభ్యులో చెబుతుంది. వారు దేనిని నమ్మారో తెలుసుకోవాలంటే పాటను వినాలి.