కరువు ఏడాది పావు అణా

కమలాపురం చుట్టుపక్కల పాత ఇనప్పెట్టెల అడుగున కనబడే రాగి పావు అణాల్లో 1877 నాటిది వేరు. ఒకవైపు కిరీటంతో విక్టోరియా, పేరు పక్కన ‘ఎంప్రెస్’ అనే కొత్త బిరుదు. ఆ జనవరి 1న ఢిల్లీలో దర్బారు చేసి ఆమెను చక్రవర్తినిగా చాటారు. అదే ఏడాది కడప, కర్నూలు, బళ్లారి సీమ ధాత కరువులో మాడిపోయింది. కరువు పనుల్లో మట్టి మోసిన మగమనిషికి బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ ఖాయం చేసిన రోజు కూలి ఒక పౌను గింజలు, ఒక అణా. అంటే ఇలాంటి బిళ్లలు నాలుగు.

అటువంటి దొరల నాణెం దాచడమెందుకని అడుగుతారు. కరిగించేస్తే ఆ కూలి ఎంత చిన్నదో మన పిల్లల అరచేతిలో పెట్టి చూపలేం. అందుకే నాణేలు సేకరించేవాళ్లంటే నాకు గౌరవం. అంచు పట్టుకుని చూస్తారు, ముఖం మీద వేలు పెట్టరు. సంవత్సరం, బిరుదు, బరువు, ఎక్కడ దొరికిందీ నోటుపుస్తకంలో రాసుకుంటారు. తోమి తళతళలాడించినదాన్ని పక్కన పెడతారు.

మీ ఇంట్లో ఒకటి దొరికితే చింతపండుతో తోమకండి, పులుపు రాగిని తినేస్తుంది. పొలంలో పాతర బయటపడితే, విలువ 10 రూపాయలు దాటితే చాలు, 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.