గుమ్మటాన్ని నిలువునా కోస్తే

పుదుచ్చేరిలో సారం నుంచి కామరాజ్ సాలై మీదుగా ఊళ్లోకి వెళ్తే మిషన్ వీధిలో సాంబా కోయిల్ అనే చర్చి వస్తుంది. 1692 నాటి తొలి చర్చిని డచ్చివాళ్లు పడగొట్టారు. తర్వాత వచ్చినవాటిలో ఒకదాన్ని 1761లో ఇంగ్లీషువాళ్లు నేలమట్టం చేశారు. ఇప్పుడున్నది 1791కి పూర్తయింది. కూలిపోయిన కట్టడం ఎలా నిలబడిందో చెప్పాలంటే బొమ్మలు చాలవు, సెక్షన్ కావాలి.

ప్లాన్ గోడల జాడ చూపుతుంది, ఎలివేషన్ ముఖం చూపుతుంది. సెక్షన్ కట్టడాన్ని శిఖరం నుంచి పునాది దాకా కోసి, సగం పక్కకి తీసేస్తుంది. కోత పడినచోట ముదురుగా నింపుతారు, వెనకున్నవాటిని సన్నగీతలతో గీస్తారు. గుమ్మటం గుట్టంతా ఆ ముదురు మందంలోనే ఉంది.

లండన్‌లో క్రిస్టఫర్ రెన్ కట్టించిన సెయింట్ పాల్స్ (1675–1710) చూడండి. 111 మీటర్ల ఎత్తు. వీధిలోంచి కనిపించేది సీసపు రేకులు తొడిగిన కొయ్య గుమ్మటం. లోపల తలెత్తితే కనిపించేది వేరే గుమ్మటం, ఇటుకది. దాదాపు 850 టన్నుల శిఖర మండపాన్ని మోస్తున్నది మాత్రం ఈ రెండింటి నడుమ దాక్కున్న ఇటుక శంకువు. దాని మందం అడుగున్నరే! దాని అడుగున ఇనుప గొలుసు బిగించారు. లోపలా బయటా నిలబడి ఎంత చూసినా ఈ శంకువు కంటపడదు, సెక్షన్ గీతలో ఒక్క చూపుకే దొరుకుతుంది. పైకొకటి, లోపలొకటి అని తప్పుపట్టేవాళ్లుంటే ఉండనీండి, నాకైతే రెన్ పనితనమంతా అక్కడే ఉందనిపిస్తుంది.

సెక్షన్ కట్టడం జబ్బుని కూడా పట్టేస్తుంది. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ గుమ్మటం 1590లో పూర్తయింది. 18వ శతాబ్దానికి నిలువు పగుళ్లు బయటపడ్డాయి. గుమ్మటం తన బరువుకి అడుగున బయటికి తన్నుకుంటుంది, పగుళ్లు అందుకే. పోప్ పదునాలుగో బెనెడిక్ట్ జొవాన్ని పొలేని అనే పండితుణ్ణి సలహా అడిగాడు. ఆయన గుమ్మటాన్ని 50 ముక్కలుగా ఊహించి, ఒక ముక్కలోని భాగాల బరువుకి తగ్గట్టు 32 గుళ్లు గుచ్చిన గొలుసుని వేలాడదీశాడు. వేలాడే గొలుసులో లాగుడే ఉంటుంది, ఆ వంపునే తిరగేస్తే అంతా నొక్కుడే. రాబర్ట్ హుక్ 1675 నాటికే చెప్పిన సూత్రమిది. పొలేని ఆ వంపుని తిరగేసి సెక్షన్ మీద పరిచాడు. గీత గోడ మందం దాటలేదు. కనక కూలదని తేల్చాడు, అయినా బండిచక్రానికి పట్టా వేసినట్టు ఇనుప వలయాలు బిగించాలన్నాడు. లుయీజి వాన్‌విటెల్లి అవి బిగించాడు. 1748లో అచ్చయిన పొలేని పుస్తకంలో ఆ బొమ్మ ఉంది.

ఇప్పుడు కొలతలకి లేజర్ ఉంది కదా అంటారేమో. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతుల్లో ఆగాఖాన్ ట్రస్టు లేజర్ స్కానింగ్ వాడింది. మంచిదే. అయితే లేజర్‌కి తెలిసేది పైచర్మమే. లోపల ఇటుక ఎంత, డంగుసున్నం ఎంత, ఏది దేన్ని మోస్తోంది అన్నది మనిషి ఆలోచించి గీయవలసిందే.

పుదుచ్చేరి ఆర్కిటెక్చర్ విద్యార్థులకి ఒక మాట: టేపు, నిచ్చెన పట్టుకుని ఈ ఊరి పాత చర్చిల్లో ఒక్కదానికైనా కొలిచి సెక్షన్ గీయండి. మరమ్మతు మేస్త్రీ సిమెంటు కలపకముందే ఒక ప్రతి చర్చి ఆఫీసులో ఇచ్చిరండి.